ఆదివారం పెన్‌డ్రైవ్‌ల పని, అందరూ చదవండి

అందరికీ నమస్తే. ఆదివారం ఉదయం 10 గంటలకు కర్నూలు రాజ్‌విహార్ దగ్గర, మనం ఎప్పుడూ కూర్చునే గదిలోనే. డిగ్రీ పిల్లలకు ఇచ్చే లినక్స్ (ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) పెన్‌డ్రైవ్‌లు ఆ రోజే తయారు చేస్తాం.

"కోడ్ ఫ్రీయే కదా, ఎన్‌క్రిప్షన్ పేటెంట్‌తో మనకేం పని?" అని మొన్న ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. ఎన్‌క్రిప్షన్ అంటే సమాచారాన్ని రహస్య సంకేతాల్లోకి మార్చే పద్ధతి. కోడ్ రాసినవాళ్లు లైసెన్స్ ఇచ్చినా, ఆ పద్ధతి మీద పేటెంట్ ఇంకొకరిది కావచ్చు. ఆర్‌ఎస్‌ఏ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి మీద అమెరికా పేటెంట్ 1983లో వచ్చి 2000 సెప్టెంబరులో ముగిసింది. అందుకే డెబియన్ అనే లినక్స్ రకం ఇలాంటి ప్యాకేజీలకు (సాఫ్ట్‌వేర్ కట్టలకు) అమెరికా బయట ‘నాన్-యూఎస్’ అని వేరే విభాగమే నడిపింది. ఎన్‌క్రిప్షన్ మీద అమెరికా పెట్టిన ఎగుమతి ఆంక్షలు కూడా ఒక కారణం. ఫెడోరా అనే ఇంకో లినక్స్ రకమైతే పేటెంట్ అనుమానంతో 2013 దాకా ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌లోంచి ఎలిప్టిక్ కర్వ్ (ఇంకో ఎన్‌క్రిప్షన్ పద్ధతి) కోడ్ తీసేసే ఇచ్చేది. అంత ఓపిక మనకూ కావాలి.

కాబట్టి మీరు అదనంగా కలిపిన ప్యాకేజీల పేర్లు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే పెట్టండి. డెబియన్ వాడేవాళ్లు ‘యూఎస్‌ఆర్/షేర్/డాక్’లో ఆ ప్యాకేజీ ఫోల్డర్ తెరిచి, ‘కాపీరైట్’ ఫైల్ పూర్తిగా చదవండి. లైసెన్స్ అందులోనే ఉంటుంది. పేటెంట్ మీద అనుమానముంటే అడగండి, టెన్షన్ వద్దు, కలిసి చూద్దాం.

8 జీబీ పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి. అందులోని ఫొటోలు ముందే కాపీ చేసుకోండి, పెన్‌డ్రైవ్‌లోకి లినక్స్ రాసేటప్పుడు అన్నీ చెరిగిపోతాయి.

వచ్చేవాళ్లు ‘వస్తా’ అని పెట్టండి.