ఏ నెట్‌వర్క్ లేదు?

సంపాదకుడు గారికి,

రేషన్ దుకాణంలో 'నెట్‌వర్క్ లేదు', గంజాయి 'నెట్‌వర్క్' గుట్టు రట్టు, ఆరోగ్యశ్రీ 'నెట్‌వర్క్' ఆసుపత్రులు. పత్రికల్లో ఈ ఒక్క మాటే అన్నిచోట్లా కనిపిస్తోంది. గంజాయి వార్తలో ముఠా అంటే సరిపోతుంది, దానితో పెద్ద పేచీ లేదు. చిక్కంతా రేషన్ వార్తతోనే.

వేలిముద్ర మిషన్ ఆగడానికి కారణం ఒకటే కాదు. సిగ్నల్ బలం మైనస్ 110 డీబీఎం (ఆ బలాన్ని కొలిచే ప్రమాణం) కంటే దిగజారితే మిషన్‌లోని సిమ్‌కు డేటా సరిగా అందదు. ఆ చోట బాగా అందే వేరే కంపెనీ సిమ్ వేస్తే పని జరుగుతుంది. గీతలు నిండుగా ఉండి కూడా ఊళ్లో ఆ కంపెనీ ఫోన్లలో వేటికీ నెట్ రాకపోతే, టవర్‌కు వచ్చే ఫైబర్ తెగిందేమో అడగాలి. రోడ్డు తవ్వేటప్పుడు జేసీబీ పన్నుకు తగిలేది అదే. ఫోన్లు చక్కగా పనిచేస్తున్నా పక్క మండలాల డీలర్లు సైతం ఆగిపోయి కూర్చుంటే అది సర్వర్ బాధ. ఇక తెర మీద 300 అని కోడ్ పడితే, వేలిముద్ర ఆధార్‌లో ఉన్నదానితో కలవలేదని అర్థం. ఆధార్ సర్వర్ దాకా వెళ్లి జవాబు తిరిగొచ్చిందంటే నెట్‌వర్క్ భేషుగ్గా ఉన్నట్టే కదా! అప్పుడు వేలు తుడిచి ఇంకో వేలు పెట్టించాలి, లేదా కంటిపాప చూపించాలి. వేళ్లు అరిగిన కూలీలనూ ముసలివాళ్లనూ 'నెట్‌వర్క్ లేదు, రేపు రండి' అని పంపితే రేపూ అదే కోడ్ పడుతుంది.

ఆసుపత్రి విషయంలో 'నెట్‌వర్క్' అనే మాటకు పథకంతో ఒప్పందం అని అర్థం. ఆరోగ్యశ్రీలో ఉన్న ఆసుపత్రికి అన్ని విభాగాల్లోనూ అనుమతి ఉండాలని లేదు. గుండెకు ఉండి ఎముకలకు లేకపోవచ్చు. చేరేముందే ఆరోగ్యమిత్రను అడగాలని వార్తలో ఒక వాక్యం చేర్చవచ్చు.

'నెట్‌వర్క్ మార్కెటింగ్' పేరుతో సభ్యులను చేర్పించి డబ్బు తిప్పే పథకాలకు మనకు గొలుసుకట్టు అనే మాట ఉండనే ఉంది. అవి ప్రైజ్ చిట్లు, డబ్బు తిప్పే పథకాలను నిషేధించిన 1978 చట్టం కింద నేరం. ఒక్కొక్కరు ఆరుగురిని చేర్చాలంటే పన్నెండో మెట్టుకు 217 కోట్ల మంది కావాలి. దేశంలో అంత జనమే లేరు.

విలేకరులు రేషన్ వార్త పంపేటప్పుడు తెర మీద ఏ కోడ్ పడిందో డీలర్‌ను అడిగి రాయాలని మనవి. ఫిర్యాదు ఫోన్ కంపెనీకా, పౌరసరఫరాల శాఖకా అన్నది అప్పుడు పాఠకుడికే తెలుస్తుంది.

– ఒక పాఠకుడు