నేను అడిగింది వెడల్పు, మీరిచ్చింది పొడవు

హైదరాబాద్,
మార్చి 6

షోరూమ్ మేనేజర్ గారికి,

విషయం: డిసెంబరు 14న మీ దగ్గర కొన్న స్కీ బూట్ల కొలత తప్పడం గురించి, సరైన జత గానీ డబ్బు గానీ తిరిగి ఇప్పించడం గురించి.

అయ్యా,

పోయిన డిసెంబరులో మీ షోరూమ్‌లో 38,500 రూపాయలు పెట్టి ఒక జత స్కీ బూట్లు కొన్నాను. బిల్లు కాపీ, బూట్ల ఫోటోలు, నా పాదాల ఫోటోలు ఈ లేఖతో పంపుతున్నాను. ఫోన్‌లో రెండుసార్లు మాట్లాడాను. రెండుసార్లూ మీ సిబ్బంది చెప్పిన మాట ఒక్కటే: "బూట్లలో లోపం లేదు మేడం, మీ పాదాల్లోనే ప్రాబ్లం ఉంది." ఆ మాట నాకు చాలా కష్టంగా అనిపించింది. అందుకే జరిగిందంతా మొదటి నుంచీ రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి.

నా పాదాలు అందరి పాదాల్లాంటివి కావని నాకు తెలుసు. మా అమ్మ పాదాలే నాకూ వచ్చాయి. వేళ్ల దగ్గర చాట లాగా వెడల్పు, మడమ సన్నం, మీగాలు ఎత్తు. కుడికాలి బొటనవేలు పక్క వేళ్ల మీదికి ఒరిగి, దాని మొదట్లో ఎముక ఉసిరికాయంత బుడిపెలా బయటికి వచ్చింది. డాక్టరు దాన్ని ఇంగ్లీషులో "బనియన్" (bunion) అంటారన్నారు. ఎడమకాలికీ మొదలైందన్నారు. ఆడవాళ్ల చెప్పులు నాకు పట్టక ఇరవై ఏళ్లవుతోంది. మగవాళ్ల ఏడో నంబరు శాండల్స్ కొనుక్కుని, వెనక పట్టీ బిగించుకుని నెట్టుకొస్తున్నాను. ఇదంతా నేను దాచలేదు. మీ షోరూమ్‌లో కాలు పెట్టగానే, సాక్సు విప్పి మరీ చూపించాను.

మీ ప్రకటనలో "ఎలాంటి పాదానికైనా సరిపోయేలా ఫిట్ చేసి ఇస్తాం" అని ఉంది. అది చూసే వచ్చాను. రెండేళ్ల కిందట కశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌లో మొదటిసారి స్కీయింగ్, అంటే మంచు వాలు మీద జారే ఆట, నేర్చుకున్నప్పుడు అద్దె బూట్లతో ఇబ్బంది పడ్డాను. ఆట మాత్రం మనసులో నుంచి పోలేదు. నలభై నాలుగేళ్ల వయసులో, మంచు మీద ఎవరూ పట్టుకోకుండా మొదటిసారి మలుపు తిరిగిన రోజు నాకింకా కళ్ల ముందే ఉంది. మళ్లీ వెళితే నా సొంత బూట్లతోనే వెళ్లాలని జీతంలోంచి నెలనెలా పక్కన పెట్టి ఈ డబ్బు కూడబెట్టాను.

ఆ రోజు షోరూమ్‌లో జరిగింది ఇది. మీ దగ్గర పనిచేసే అబ్బాయి నా బుడిపె చూశాడు, "అయ్యో" అన్నాడు, ఆ తర్వాత "చెప్పుల నంబరెంత మేడం?" అని అడిగాడు. ఏడు అన్నాను, మగవాళ్ల ఏడు అని కూడా చెప్పాను. ఫోన్‌లో ఏదో పట్టిక చూసి, లోపలికి వెళ్లి 26.5 సైజు బూట్లు పట్టుకొచ్చాడు. నా పాదం కింద స్కేలు పెట్టలేదు, టేపు పెట్టలేదు. బూట్లు తొడిగి, బకిల్స్ రెండు మాత్రం పెట్టి, కార్పెట్ మీద నాలుగడుగులు వేయించాడు. "ముందు వేళ్లు తగలట్లేదు, హాయిగానే ఉంది, కానీ పక్కన బుడిపె నొక్కుతోంది" అన్నాను. "వాడితే వదులవుతాయి మేడం. అక్కడ చలికి రెండు జతల ఉన్ని సాక్సులు వేసుకోండి" అన్నాడు. ఆ సాక్సులు కూడా మీ దగ్గరే కొన్నాను.

అప్పుడు నాకు ఏమీ తెలియదు. ఇప్పుడు తెలిసింది కాబట్టి చెబుతున్నాను. స్కీ బూటు సైజంటే చెప్పుల నంబరు కాదు, పాదం పొడవు సెంటీమీటర్లలో. మాండోపాయింట్ అంటారు దాన్ని. గోడకి మడమ ఆనించి నిలబడి, పొడుగాటి వేలి చివరిదాకా కొలవాలి. నా కుడి పాదం 24.5 సెంటీమీటర్లు, ఎడమది దానికన్నా ఒక మిల్లీమీటరు తక్కువ. మరి నేను పెద్ద నంబరు శాండల్స్ ఎందుకు వేసుకుంటున్నాను? వెడల్పు కోసం. ఆ నంబరుని పట్టుకుని బూటు తీస్తే రెండు సైజులు పొడవు వస్తుందని, నేను కాదు, అమ్మేవాళ్లు గ్రహించాలి కదా?

పోనీ, అంత పొడవు ఇచ్చినా వెడల్పు దక్కిందా అంటే అదీ లేదు. ఆ బూటు మీద లాస్ట్ 98 అని రాసి ఉంది, అంటే వేళ్ల మొదట్లో లోపలి వెడల్పు 98 మిల్లీమీటర్లు. అది సన్నపాటి పాదాలకి చేసిన బూటు. నిలబడినప్పుడు నా పాదం వెడల్పు 101. ఇంకో సంగతి, ఆ లాస్ట్ అంకె మామూలుగా 26.5 సైజు దగ్గర లెక్కకట్టేది. సైజు తగ్గేకొద్దీ వెడల్పూ తగ్గుతుంది. కాబట్టి నాకు కావలసింది 24.5 పొడవులో, 104 లాస్ట్ ఉన్న బూటు. దానికి కూడా బుడిపె దగ్గర ఇంకాస్త చోటు చేయాల్సిందే.

ఈ బూట్లు తీసుకుని మళ్లీ గుల్‌మార్గ్ వెళ్లాను. మొదటి రోజు బాగానే గడిచింది, ఎందుకంటే ఎక్కువ సేపు నిలబడే ఉన్నాం. రెండో రోజు గొండోలాలో, అంటే తీగ మీద నడిచే కేబుల్ కారులో, కొండ మీది కోంగ్‌దూరీ దాకా వెళ్లి కిందికి దిగడం మొదలుపెట్టాక అసలు బాధ మొదలైంది. ముందుకి వంగినప్పుడల్లా మడమ పైకి లేస్తోంది. ఆపడానికి బకిల్స్ ఇంకో పన్ను బిగించాను. బిగించగానే మీగాలు మీద బండ పెట్టినట్టయింది. అరగంటకి వేళ్లు తిమ్మిరెక్కాయి, ఆపైన వేళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు. వదులు చేస్తే కాలు లోపల ఈత కొడుతోంది. వాలు మీద ఆగాలని మడమలు బయటికి నెట్టి స్కీలని వి ఆకారంలో పెడితే, పాదం లోపల తిరిగిపోతోంది కానీ స్కీ తిరగట్లేదు. రెండుసార్లు పడ్డాను. రెండోసారి పడినప్పుడు కిందినుంచి ఒక చిన్నపిల్ల వస్తోంది, ఆ పాప పక్కకి తప్పుకుంది కాబట్టి సరిపోయింది. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడ.

సాయంత్రం గదికొచ్చి బూటు విప్పేసరికి సాక్సు బుడిపె దగ్గర అంటుకుపోయి ఉంది. గోరువెచ్చని నీళ్లలో తడిపి మెల్లగా లాగితే కింద బొబ్బ చితికి పచ్చిగా కనిపించింది. పాదం ముందుకి జారి జారి కొట్టుకోవడంతో రెండు బొటనవేళ్ల గోళ్లూ నల్లబడ్డాయి. కుడికాలి గోరు పోయిన వారమే ఊడిపోయింది. ఫోటో జతపరిచాను.

మర్నాడు ఉదయం మాకు నేర్పే ఇన్‌స్ట్రక్టర్ నన్ను ఒక బెంచీ మీద కూర్చోబెట్టారు. పెద్దాయన, చిన్నప్పటి నుంచీ ఆ కొండల మీదే స్కీయింగ్ చేస్తున్న మనిషి. ఆయన బూటు తీసుకుని లోపలి మెత్తటి లైనర్‌ని బయటికి లాగేశారు. ఒట్టి ప్లాస్టిక్ డొల్ల మిగిలింది. అందులో పాదం పెట్టి, వేళ్లు ముందు గోడకి తగిలేదాకా జరపమన్నారు. తర్వాత మడమ వెనక వేళ్లు పెట్టి చూశారు. అక్కడ ఒక వేలు, మహా అయితే రెండు వేళ్లు పట్టేంత సందు ఉండాలట. నా మడమ వెనక ఆయన నాలుగు వేళ్లూ దూరిపోయాయి. "మేడమ్, యే జూతా ఆప్ కా హై హీ నహీ" అన్నారాయన, ఈ బూటు అసలు మీది కానే కాదని. ఆ పరీక్షకి పట్టిన సమయం రెండు నిమిషాలు. ఏ పరికరమూ అక్కర్లేదు. ఆ రెండు నిమిషాలు మీ షోరూమ్‌లో ఎవరూ నాకోసం వెచ్చించలేదు.

ఆయన చెప్పినవే ఇంకొన్ని: కొత్త బూటు షోరూమ్‌లో హాయిగా ఉందంటేనే అనుమానపడాలి. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు కొద్దిగా తగలాలి, మోకాళ్లు వంచి ముందుకి ఒరిగితే వెనక్కి జరగాలి. లైనర్ వాడేకొద్దీ అణిగిపోతుంది, అంటే కొత్తలో వదులుగా ఉన్నది నెలకి మరీ వదులైపోతుంది. సాక్సు ఒక్కటే వేసుకోవాలి, అదీ పల్చనిది. రెండు జతల ఉన్ని సాక్సులు రక్తం పారకుండా బిగించి, చెమట పట్టించి, చలిని ఇంకా పెంచుతాయి. మీ అబ్బాయి చెప్పిన దానికి ఇది పూర్తిగా తలకిందులు. బూటు వెనక రాసిన ఫ్లెక్స్ 110, అంటే బూటు ఎంత గట్టిదో చెప్పే అంకె, చూసి ఆయన తల పట్టుకున్నారు. ఫ్లెక్స్ అంకెకి అన్ని కంపెనీలకీ కలిపి ఒకే ప్రమాణం లేదట, అయినా 58 కిలోల మనిషికి, అదీ ఇంకా నేర్చుకుంటున్న మనిషికి, అంత గట్టి బూటు ఎవరిచ్చారని అడిగారు. ప్లాస్టిక్ చలికి ఇంకా బిర్రుగా అవుతుందని కూడా చెప్పారు.

ఆయనే నన్ను బజారులో ఒక అద్దె దుకాణానికి తీసుకెళ్లారు. అంచులు అరిగిపోయిన, రంగు వెలిసిన పాత బూట్లు, 24.5 సైజు, వెడల్పు రకం. మీగాలు మీది బకిల్ ఒక పన్ను వదులుగా పెట్టి, చీలమండ దగ్గరిది గట్టిగా బిగించారు. మిగిలిన నాలుగు రోజులూ వాటితోనే తిరిగాను. బుడిపె నొప్పి కొంత ఉంది, లేదని అనను. కానీ తిమ్మిరి లేదు, మడమ లేవలేదు. ఆఖరి రోజు కోంగ్‌దూరీ నుంచి కింది దాకా ఒక్కసారి కూడా పడకుండా వచ్చాను. అవే పాదాలండీ. మీరు ప్రాబ్లం అన్న పాదాలే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా చిన్నప్పుడు మా ఊళ్లో చెప్పులు కుట్టే తాత ఉండేవాడు. నాన్న నన్ను తీసుకెళితే, ఆయన ఒక అట్టముక్క నేల మీద వేసి, నా కాలు దాని మీద పెట్టించి, బొగ్గుముక్కతో చుట్టూ గీత గీసేవాడు. తర్వాత ఒక దారం తీసి మీగాలు చుట్టూ తిప్పి, ముడి వేసి దాచుకునేవాడు. రెండు కాళ్లకీ వేరువేరుగా. నా కాలు వెడల్పని ఆయన ఎప్పుడూ అనలేదు, దానికి తగ్గట్టు తోలు కోసేవాడు అంతే. ఆయన దగ్గరున్నది బొగ్గు, దారం. మీ దగ్గర ఏసీ షోరూమ్ ఉంది, 38,500 బిల్లు ఉంది. ఒక గీత గీయడానికి మాత్రం మనిషి లేడు.

మన దగ్గర వెడల్పు పాదాలు నా ఒక్కదానివే కావు. పొలం గట్ల మీద, ఇసుకలో చెప్పుల్లేకుండా తిరిగి పెరిగిన వాళ్ల పాదాలు వేళ్ల దగ్గర విచ్చుకునే ఉంటాయి. మధుమేహం ఉన్నవాళ్లు కూడా మీ దగ్గరికి వస్తారు. వాళ్లకి పాదంలో స్పర్శ తగ్గి ఉంటే, బొబ్బ పడినా తెలియదు, అది పుండై ఎక్కడిదాకా పోతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. వాళ్లకీ "వాడితే వదులవుతాయి" అని చెప్పి పంపిస్తారా?

తిరిగొచ్చాక ఫోన్ చేస్తే, మీవాళ్లు ఒక జెల్ ప్యాడ్ ఉచితంగా ఇస్తామన్నారు. ఇప్పటికే చోటు లేని దగ్గర ఇంకో ప్యాడ్ పెడితే నొక్కుడు పెరుగుతుందే గానీ తగ్గదు. "వాడిన బూట్లు వాపసు తీసుకోం, బిల్లు వెనక రాసి ఉంది" అని కూడా అన్నారు. వాడకుండా మంచు మీద సరిపోతాయో లేదో ఎలా తెలుస్తుంది? నేను వాటిని వాడింది రెండు రోజులు. పైగా నేను పాడైన సరుకు గురించి కొట్లాడటం లేదు. ఫిట్ చేసి ఇస్తామని ప్రకటించి, ఆ పని చేయకపోవడం గురించి అడుగుతున్నాను. ఆ మాట నమ్మే డబ్బు కట్టాను.

నాకు కావలసింది ఇది. 24.5 సైజులో, 104 లాస్ట్‌తో, మెత్తటి ఫ్లెక్స్ ఉన్న ఆడవాళ్ల జత తెప్పించండి. డొల్ల పరీక్ష నా కళ్ల ముందు చేయండి. బుడిపె ఉన్న చోట ప్లాస్టిక్‌ని వేడి చేసి, లోపలి నుంచి ప్రెస్‌తో నెట్టి, చల్లారేదాకా అలాగే పట్టి ఉంచి చోటు చేస్తారు, దాన్నే పంచ్ చేయడం అంటారు. ఆ పని తెలిసిన మనిషితోనే చేయించాలి, హెయిర్ డ్రయ్యర్‌తో కాదు. బూటు లోపల నా అరికాలి కింద, దానికి తగ్గ ఫుట్‌బెడ్ (అడుగు పలక) కూడా వేయించాలి. దాని ఖరీదు నేను ఇస్తాను, ఆ విషయంలో బేరం ఆడను. బూట్లు తొడిగాక, బకిల్స్ అన్నీ పెట్టి, కనీసం ఇరవై నిమిషాలు నన్ను అక్కడే ఉండనివ్వండి. ఇవి మీవల్ల కాకపోతే నా 38,500 నాకు ఇచ్చేయండి, ఎవరివల్ల అవుతుందో వాళ్ల దగ్గరికి వెళతాను. సాక్సుల డబ్బు అడగను.

మీ అబ్బాయిని ఉద్యోగంలోంచి తీసేయమని నేను అనడం లేదు. అతను మర్యాదగానే మాట్లాడాడు, అతనికి ఎవరూ నేర్పలేదు. అతనికి పాదం కొలవడం నేర్పించండి. మీ కౌంటరు దగ్గర చెప్పుల నంబరు పట్టిక తీసేసి ఒక కొలత పలక పెట్టండి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఇవ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915లో ఫిర్యాదు నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళతాను. నాకు కోర్టుల చుట్టూ తిరగాలని లేదు. వచ్చే జనవరికి మళ్లీ గుల్‌మార్గ్ వెళ్లాలని ఉంది. మా అమ్మాయి కూడా ఈసారి వస్తానంటోంది. దానివీ నా పాదాలే.

బూట్లు తుడిచి, అట్టపెట్టెలోనే పెట్టి ఉంచాను. శనివారాలు మధ్యాహ్నం నాకు ఖాళీ. ఏ శనివారం రమ్మంటారో చెబితే పల్చటి సాక్సులతో వస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారురాలు

జతపరిచినవి: బిల్లు కాపీ, బూట్ల ఫోటోలు 3, పాదాల ఫోటోలు 4, అట్టముక్క మీద గీసిన నా రెండు పాదాల గీతలు.