విండోస్ బాగుచేయమంటే డిస్కు మొత్తం తుడిచేశారు

విజయవాడ,
4 ఆగస్టు 2025.

వినియోగదారుల సేవా విభాగం ముఖ్య అధికారి గారికి,

విషయం: మీ అధీకృత సర్వీసు కేంద్రంలో నా అనుమతి లేకుండా ల్యాప్‌టాప్‌లోని ఫైళ్లన్నీ చెరిపివేయడం గురించి ఫిర్యాదు.

ఆర్యా,

నేను పదిహేడేళ్లుగా డి.టి.పి. పని చేసుకుని బతుకుతున్నాను. తెలుగు పుస్తకాలు, శుభలేఖలు, కరపత్రాలు కంపోజ్ చేస్తాను. 2023 డిసెంబరులో మీ కంపెనీ ల్యాప్‌టాప్ మూడేళ్ల వారంటీతో కొన్నాను. గత జులై 14 రాత్రి విండోస్ అప్‌డేట్ నడుస్తుండగా గాలివానకు కరెంటు పోయింది. బ్యాటరీలో అప్పటికే చార్జి లేదు. మర్నాటి నుంచి విండోస్ తెరుచుకోలేదు. నీలం తెర వస్తుంది, ఆటోమేటిక్ రిపేర్ అంటుంది, మళ్లీ మొదటికే వస్తుంది. ఇందులో మీ తప్పేమీ లేదు. నా ఫిర్యాదు ఆ తర్వాత జరిగినదాని గురించి.

మా అన్నయ్య కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఆ నీలం తెరలోనే ఉండే, ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి చూశాడు. నా డిస్కుకు ఎన్‌క్రిప్షన్ (కీ లేనిదే ఎవరూ చదవలేని తాళం లాంటి రక్షణ) ఉంది కాబట్టి 48 అంకెల రికవరీ కీ అడిగింది. సి డ్రైవు కీ, డి డ్రైవు కీ రెండూ నేను నోటు పుస్తకంలో రాసిపెట్టుకున్నాను. అవి కొట్టగానే రెండు డ్రైవులూ తెరుచుకున్నాయి. డి డ్రైవులో నా పుస్తకాల ఫోల్డర్లు, వాటి పేర్లు, తేదీలు వరుసగా కనిపించాయి. ఆ తెరను ఫోనులో ఫొటో తీశాను. దాని ప్రతిని ఈ లేఖకు జత చేస్తున్నాను. అంటే జులై 15 ఉదయానికి పాడైంది విండోస్ ఒక్కటే. నా ఫైళ్లు చెక్కుచెదరలేదు.

పిల్లవాడు పెన్‌డ్రైవులో ఉబుంటు అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ వేసి ఫైళ్లు బయటికి తీస్తానన్నాడు. వారంటీలో ఉన్న యంత్రం మీద మనం ప్రయోగాలు చేయడం ఎందుకు, తయారుచేసిన కంపెనీ వారే ఉన్నారు కదా అని నేనే వద్దన్నాను. ఆ మాట తలచుకున్నప్పుడల్లా నాకు నిద్ర పట్టడం లేదు.

జులై 16న మీ సర్వీసు కేంద్రానికి వెళ్లాను. కౌంటరులో ఉన్న ఉద్యోగితో రెండుసార్లు చెప్పాను: విండోస్ బాగుపడకపోయినా ఫరవాలేదు, ఫైళ్లు మాత్రం పోకూడదు అని. ఆయన జాబ్ షీటులో ‘డేటా ముఖ్యం’ అని రాశారు. ఆ షీటు నా దగ్గర ఉంది. 18న పని పూర్తయిందని కబురు వస్తే వెళ్లి, సాఫ్ట్‌వేర్ పని వారంటీ కిందికి రాదంటే 2,360 రూపాయలు కట్టి, ఇంటికి తెచ్చి తెరిచాను. కొత్తగా కొన్న రోజు ఎలా ఉందో అలా ఉంది. నా ఫైళ్లు లేవు. అసలు డి డ్రైవే లేదు. డిస్కులోని ఆ రెండు విభజనలనూ (పార్టిషన్లను) తొలగించి, డిస్కు మొత్తాన్ని ఒకే సి డ్రైవుగా చేసి విండోస్ వేశారు.

వెంటనే తిరిగి వెళ్లి అడిగితే వచ్చిన జవాబు ఇది: “విండోస్ పాడైతే అంతేనండీ, ఫార్మాట్ చేయవలసిందే.”

ఈ మాట నిజం కాదు. వచ్చిన ప్రతి ఒక్కరికీ మీ కౌంటరులో ఇదే మాట చెబుతున్నారేమోనన్న భయంతోనే ఇంత వివరంగా రాస్తున్నాను. విండోస్ ఉండేది సి డ్రైవులో. డి డ్రైవుకు దానితో నిమిత్తమే లేదు. విండోస్‌ను పూర్తిగా కొత్తగా వేయాలన్నా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సి విభజనను మాత్రమే ఎంచుకుంటే చాలు, డి ఉన్నది ఉన్నట్టు ఉంటుంది. దాన్ని తొలగించాలంటే ఎవరో ఒకరు పనిగట్టుకుని దాన్ని ఎంచి ‘డిలీట్’ నొక్కాలి, ఆ తర్వాత వచ్చే హెచ్చరికను కూడా దాటాలి.

సి డ్రైవు విషయంలోనూ అంత దూరం పోనవసరం లేదు. అప్‌డేట్ మధ్యలో ఆగి విండోస్ పాడైతే, చివరగా వచ్చిన అప్‌డేట్‌ను తొలగించే ఏర్పాటు ఆ రికవరీ తెరలోనే ఉంది. విండోస్‌ను వెనకటి స్థితికి తెచ్చే సిస్టమ్ రిస్టోర్ ఉంది. దెబ్బతిన్న సిస్టమ్ ఫైళ్లను సరిచేసే ఎస్.ఎఫ్.సి., డి.ఐ.ఎస్.ఎం. అనే ఆదేశాలున్నాయి. అవేవీ పనిచేయకపోతే ‘రీసెట్ దిస్ పీసీ’లో ‘కీప్ మై ఫైల్స్’ అనే ఎంపిక ఉంది. దానివల్ల మనం వేసుకున్న ప్రోగ్రాములు పోతాయి గానీ యూజర్ ఫోల్డరులోని డాక్యుమెంట్లు, ఫొటోలు నిలుస్తాయి. ఇవన్నీ చేసే ముందు జాగ్రత్తపడే మనిషి చేసే మొదటి పని ఒకటుంది: డిస్కును మరో కంప్యూటరుకు తగిలించో, పెన్‌డ్రైవు నుంచి వేరే సిస్టమ్ నడిపించో ఫైళ్లను ముందు బయటికి తీసిపెట్టుకోవడం. నా డి డ్రైవులో ఉన్నది మొత్తం 60 జీబీ లోపే.

మీవారు ఇవన్నీ ప్రయత్నించి విఫలమయ్యారని అనుకోవడానికి కూడా వీలు లేదు. నా డ్రైవులు రెండూ ఎన్‌క్రిప్షన్‌లో ఉన్నాయని పైన చెప్పాను. రికవరీ కీ లేకుండా బయటి నుంచి వాటిలో ఒక్క ఫైలును కూడా ఎవరూ చూడలేరు. జులై 16కూ 18కీ మధ్య మీ కేంద్రం నుంచి ఎవరూ నాకు ఫోను చేసి ఆ కీ అడగలేదు. అడగలేదంటే నా ఫైళ్లను చూసే ప్రయత్నమే ఎవరూ చేయలేదు. యంత్రం బల్ల మీదికి రాగానే నేరుగా తుడిచేశారు.

డేటా రికవరీ చేసే మరొకరికి చూపించాను. ఇది ఎస్.ఎస్.డి. (తిరిగే పళ్లెం లేని, చిప్పులతో చేసిన డిస్కు) కాబట్టి ఫార్మాట్ చేసినప్పుడు ‘ట్రిమ్’ ఆదేశంతో పాత గడులు ఖాళీ అయిపోతాయని, పైగా పాత విభజనల ఎన్‌క్రిప్షన్ వివరాలు కూడా చెరిగిపోయాయి కాబట్టి ఆశ పెట్టుకోవద్దని చెప్పారు.

పోయిందేమిటో కూడా మీకు తెలియాలి. మార్చి 30 వరకు చేసిన పనికి నా దగ్గర బయటి హార్డ్ డిస్కులో నకలు ఉంది. ఆ తర్వాతి మూడున్నర నెలల పని లేదు. అందులో ఒక పుస్తకం ఉంది. డెబ్బై ఎనిమిదేళ్ల విశ్రాంత ఉపాధ్యాయులు ఒకరు తమ ఊరి చరిత్రను చేత్తో రాసి ఇచ్చారు. 224 పేజీలు, అంటే అచ్చులో పదహారు పేజీల ఫారాలు 14. ఆయన తెర మీద చదవలేరు. కాగితం మీద ప్రూఫు తీసి ఇస్తే భూతద్దం పెట్టుకుని, ఎర్ర సిరాతో దిద్ది పంపేవారు. అలా మూడుసార్లు దిద్దారు. ఊరి పేర్లు, ఇంటిపేర్లు, చెరువుల పేర్లు ఒక్కటి కూడా తప్పు పోకూడదని ఆయన పట్టుదల. ఆ దిద్దుబాట్లన్నీ చేసి, చివర పదసూచి కూడా చేర్చి, జులై 20న ప్రెస్సుకు పంపడానికి సిద్ధంగా పెట్టాను. ఇప్పుడు నా దగ్గర మిగిలింది ఎర్ర గీతలున్న మూడో ప్రూఫు కట్ట ఒక్కటే. దాన్ని ముందు పెట్టుకుని మొదటి పేజీ నుంచి మళ్లీ కొడుతున్నాను. కొట్టినదాన్ని ఆయన మళ్లీ చదవాలి. ఆ వయసులో, ఆ కళ్లతో. ఈ సంగతి ఆయనకు చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది.

జాబ్ షీటు వెనుక చిన్న అక్షరాల్లో ‘డేటాకు మేము బాధ్యులం కాము’ అని ఉందని మీ మేనేజరు చూపించారు. మరమ్మతు చేస్తుండగా డిస్కు దానంతటది చెడిపోతే ఆ షరతుకు అర్థం ఉంది. బాగున్న ఫైళ్లను మీ చేతులతో చెరిపివేయడానికి అది అనుమతిపత్రం ఎలా అవుతుంది? అదే షీటు ముందు వైపు ‘డేటా ముఖ్యం’ అని మీ ఉద్యోగి చేత్తోనే రాసి ఉంది.

నేను కోరుతున్నది ఇది. నా యంత్రం మీద ఏ రోజున ఏ పని చేశారో, విభజనలు తొలగించాలన్న నిర్ణయం ఎవరు తీసుకున్నారో రాతపూర్వకంగా తెలపండి. నేను కట్టిన 2,360 రూపాయలు, పుస్తకం తిరిగి కంపోజ్ చేయడానికి పేజీకి నేను తీసుకునే 40 రూపాయల చొప్పున 8,960 రూపాయలు, మొత్తం 11,320 రూపాయలు చెల్లించండి. పదసూచికి, ఆగిపోయిన మిగతా పనులకు నేను లెక్క కట్టలేదు. వీటికంటే ముఖ్యంగా, డిస్కును చెరిపే ముందు యజమానికి ఫోను చేసి, వేరుగా ఒక కాగితం మీద సంతకం తీసుకోవాలనే నిబంధనను మీ సర్వీసు కేంద్రాలన్నిటిలో పెట్టండి. డబ్బు విషయంలో మాట్లాడుకోవచ్చు. ఈ ఒక్కదాని విషయంలో నేను వెనక్కు తగ్గను.

నిర్లక్ష్యం వల్ల వినియోగదారుకు నష్టం కలిగితే అది సేవాలోపమేనని 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(11) చెబుతోంది. నేను నివసించే చోటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేసే వీలును కూడా ఆ చట్టం ఇచ్చింది. ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, ఆపైన కమిషన్‌కు వెళతాను.

జాబ్ షీటు రెండు వైపుల నకలు, రసీదు, జులై 15 నాటి తెర ఫొటో, మూడో ప్రూఫులోని నాలుగు పేజీల నకళ్లు జత చేస్తున్నాను. ఫోను చేసేవారు జాబ్ షీటును ఎదురుగా పెట్టుకుని మాట్లాడవలసిందిగా కోరుతున్నాను. ఇంతవరకు ఫోను చేసిన ముగ్గురికీ నేను జరిగినదంతా మొదటి నుంచి చెప్పవలసి వచ్చింది.

ఇట్లు,
మీ వినియోగదారు,
డి.టి.పి. కేంద్రం నిర్వాహకురాలు,
విజయవాడ.