తాబేళ్ళను తెచ్చింది లాక్‌డౌన్ కాదు

సంపాదకులకు నమస్కారం.

మార్చి వచ్చిందంటే చాలు, 2020లో ఒడిశాలో రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర తీసిన తాబేళ్ళ ఫొటో మళ్ళీ ఫోన్లలో తిరుగుతుంది. కింద ఒకటే మాట: కరోనా పుణ్యమా అని మనుషులు ఇళ్ళలో కూర్చున్నారు, తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కాయి అని. గంజాం జిల్లాలో తెలుగు మాట్లాడే నోలియా మత్స్యకారుల పల్లెల కుర్రాళ్ళు కూడా అదే చెబుతున్నారు. తేదీలు చూస్తే ఆ మాట నిలవదు.

ఆ ఏడాది తాబేళ్ళు గుంపులుగా రావడం మార్చి 22 ప్రాంతంలో మొదలైంది. దేశమంతటా లాక్‌డౌన్ పెట్టింది 25న. పైగా ఆలివ్ రిడ్లే అనే ఈ తాబేళ్ళు నవంబరు నుంచే మొగ ఎదుట నీళ్ళలో జతకడుతుంటాయి. ఒడ్డున జనం లేరని కబురందుకుని వచ్చేవి కావు. లాక్‌డౌన్ ఊసే లేని 2018లో 4 లక్షలకు పైగా వచ్చాయి, 2023లో 6 లక్షలు దాటాయి. 2019లో గుంపుగా అసలు రానే లేదు. గుడ్లు పెట్టే రాత్రి టార్చిలు, సెల్ఫీలు లేకపోవడం మేలే, కాదనం. ఆ మేలు అంతవరకే.

అసలు గండం తర్వాత, ఇసుకలో పెట్టిన గుడ్లు పిల్లలయ్యే 45-55 రోజులు గడిచాక. అడుగున్నర లోతు గుంటలోంచి పిల్లలు రాత్రిపూట బయటికొచ్చి వెలుగున్న వైపు నడుస్తాయి. చీకటి ఒడ్డున ఆ వెలుగు సముద్రానిదే. వెనక రేవు దీపాలు, రహదారి దీపాలు ఉంటే అటే పోతాయి, తెల్లారేసరికి ఎండకో కుక్కకో కాకికో బలి. లాక్‌డౌన్‌లో మనుషులు ఆగారు గానీ వీధిదీపాలు ఆగలేదు. ఏప్రిల్ 5న ఇళ్ళలో 9 నిమిషాలు లైట్లు ఆర్పమన్నప్పుడు కూడా వీధిదీపాలు వెలగనివ్వమనే చెప్పారు! మొగ నుంచి కనబడే ప్రతి దీపానికీ గూడు కట్టి వెలుగు కిందికే పడేలా చెయ్యాలి. 45వ రోజు నుంచి రెండు వారాలు ఆర్పగలిగినవి ఆర్పాలి. ఒడ్డు వెనక వల కడితే దారితప్పిన పిల్లలు అక్కడే ఆగుతాయి. ఏరినవాటిని నీళ్ళ బకెట్లో వేస్తే ఈది ఈది అలసిపోతాయి, తడి ఇసుక పరిచిన బకెట్ చాలు. అలల్లోకి విసరకూడదు. నీటికి కాస్త ఇవతల వదిలితే వాటంతట అవే నడిచిపోతాయి.

పెద్ద తాబేళ్ళను చంపేది ట్రాల్ వల, అంటే మరపడవ వెనక ఈడ్చుకుపోయే సంచి వల. ఊపిరికి పైకి రావలసిన జీవి గంటలకొద్దీ లాగే వలలో చిక్కితే మునిగి చస్తుంది. వలలో ఇనుప చువ్వల చట్రం, అంటే టెడ్, బిగిస్తే రొయ్య చువ్వల సందుల్లోంచి చివరి సంచిలోకి పోతుంది, తాబేలు వాలు మీద జారి కంతలోంచి బయటపడుతుంది. చేపలు జారిపోతాయని ఆ కంతను తాడుతో కుట్టేస్తే చట్రం ఉన్నా లేనట్టే. నవంబరు 1 నుంచి మే 31 దాకా మొగ దగ్గర 20 కి.మీ. మేర వేట నిషేధం ఉంది. అయినా తనిఖీ రేవులో కాగితాలు చూసి సరిపెడితే లాభం లేదు, వల పైకి లేపేటప్పుడు చూడాలి.

కరోనా నిజంగా మోసుకొచ్చింది మాస్కుల చెత్త. ఆ నీలం మాస్కు గుడ్డ కాదు, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. కాలువలో పడేస్తే వానకు కొట్టుకొచ్చి దాని చెవితాళ్ళు పిట్టల కాళ్ళకు చుట్టుకుంటాయి. ఇళ్ళలో వాడినవి 72 గంటలు కాగితం సంచిలో ఉంచి, కత్తిరించి, చెత్తబండిలో వెయ్యమని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి అప్పట్లో చెప్పింది. మాస్కు వాడేవారు ఇప్పటికీ ఉన్నారు, తాళ్ళు కత్తిరించడం మాత్రం మానేశాం.

వచ్చే మార్చిలో ఆ ఫొటో మళ్ళీ వేస్తే, కింద 22, 25 తేదీలు కూడా వెయ్యండి.

– కొందరు పాఠకులు, బరంపురం, గంజాం జిల్లా