ముందు అన్నం పెట్టినవారికి

నెల రోజులుగా మా ఇంటికి వచ్చినవారూ ఫోను చేసినవారూ చాలామంది. ఒక్కొక్కరితో మాట్లాడే ఓపిక ఇంకా రాలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

భీమవరం దగ్గర నాలుగెకరాల రొయ్యల చెరువు కౌలుకు చేస్తున్నాను. వనామీ రకం రొయ్య పిల్లలు (సీడు) వేసిన 58వ రోజు ఉదయం, మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో వేసింది వేసినట్టే ఉంది. రొయ్యలు గట్టు వారకు వచ్చి తూలుతున్నాయి. ఒకదాన్ని పట్టి వెలుగులో చూస్తే తలపెంకు మీద తెల్లమచ్చలు. అది తెల్లమచ్చల వైరస్. దానికి మందు లేదు, వారం పది రోజుల్లో చెరువంతా ఊడ్చేయగలదు. ఆ రోజే వల వేయించాం. వచ్చిన డబ్బు మేత బాకీలో సగానికీ చాలలేదు.

తర్వాత నేను మంచం దిగలేదు. ప్రార్థనా చేయలేదు. దేవుడి మీద కోపం కాదు, మాట రాలేదు.

మా సంఘం అయ్యగారు (పాస్టరుగారు) వచ్చినప్పుడు, ఇక వాక్యం తీస్తారని గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆయన "అన్నం తిన్నావా?" అని మాత్రం అడిగారు. స్త్రీల సమాజం అక్కలు పంపిన క్యారేజీ విప్పించి, నేను తినేదాకా కూర్చుని, "ఇక పడుకో" అని వెళ్లిపోయారు. మర్నాడూ అంతే. మూడో రోజు నేనే ఉండబట్టలేక, ఏమీ చెప్పరేమిటండీ అని అడిగాను. అప్పుడు బైబిల్లోని ఏలీయా ప్రవక్త సంగతి ఎత్తారు. కర్మెలు కొండ మీద బయలు ప్రవక్తలపై అంత విజయం చూసినవాడే యెజెబెలు రాణికి భయపడి పారిపోయి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని బదరీ చెట్టు కింద పడుకున్నాడు. దేవదూత మందలించలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టి లేపాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చి, రెండోసారీ లేపి తినమనే అన్నాడు. హోరేబు కొండకు 40 రోజుల ప్రయాణం, అక్కడ గాలి, భూకంపం, అగ్ని అయ్యాక వినిపించిన దేవుని నిమ్మళమైన స్వరం, అన్నీ ఆ తర్వాతే. సండే స్కూలు నుంచి వింటున్న కథే. నాకు గాలి, భూకంపం, అగ్ని గుర్తున్నాయి గానీ రొట్టె గుర్తులేదు.

అయ్యగారికి, అక్కలకు (పులుసులో ఉప్పు తక్కువైన రోజుతో సహా) నా వందనాలు. బాకీ సంక్రాంతి దాకా ఆగుతానన్న మేత దుకాణం బావగారికి కూడా.

పక్క చెరువు రాజుగారి గురించి విడిగా చెప్పాలి. రోగం తగిలిన నీళ్లు కాలువలో పడితే మొదట పోయేది ఆయన పంటే. వచ్చి తిట్టినా న్యాయమే. ఆయన బ్లీచింగ్ బస్తాలతో, నలుగురు మనుషులతో వచ్చి, నీళ్లు కదలకుండా దగ్గరుండి చల్లించారు. మా కోసం భీమవరం అమ్మవారు మావుళ్లమ్మకు మొక్కుకున్నానని కూడా చెప్పారు. నేను ప్రార్థన చేయలేని వారంలో నా తరఫున ఎవరెవరు అడిగారో నాకు తెలియదు, దేవుడికి తెలుసు.

చెరువు ఎండుతోంది. ఈసారి పరీక్ష చేయించిన సీడే వేస్తాను, ఎప్పుడన్నది ఇంకా తేల్చుకోలేదు. ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు గానీ నిలబడి చెప్పగలననుకోను.

మూడు క్యారేజీ గిన్నెలు మా ఇంట్లో ఉండిపోయాయి. ఎవరివో చెబితే తెచ్చి ఇస్తాను.