అపార్ట్‌మెంట్ కుండీలకని మీరు అమ్మిన పాటింగ్ మిక్స్‌పై ఫిర్యాదు

నిజాంపేట, హైదరాబాద్
అక్టోబర్ 6, 2025

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి, ఫిర్యాదుల అధికారి గారికి,

నమస్కారం.

మీ దగ్గర ఆన్‌లైన్‌లో కొన్న 22 సంచుల రెడీమేడ్ పాటింగ్ మిక్స్ (కుండీల్లో మట్టికి బదులు నింపే మిశ్రమం) గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. జులై 24న సంచులు అందాయి. సంచి 390 రూపాయల చొప్పున మొత్తం 8,580 రూపాయలు కట్టాను. ఆ మిశ్రమం నింపిన 30 కుండీల్లో 19 కుండీల మొక్కలు ఆగస్టు ఆఖరుకల్లా చచ్చిపోయాయి. మిగిలిన 11 జానెడు ఎత్తు దగ్గరే ఆగిపోయాయి. ఈ సంగతి మీకు చాట్‌లో ఒకసారి, ఫోన్‌లో ఒకసారి, మెయిల్‌లో ఒకసారి చెప్పాను. ఇది నాలుగోసారి.

మేముండేది గోడకు గోడ ఆనించి కట్టిన 12 ఇళ్ల సముదాయం. కింద ఒక కుటుంబం, పైన ఒక కుటుంబం. పెరడు లేదు. ఉన్న కాస్త ఖాళీ జాగాలో టైల్స్ వేసి బండ్లు పెట్టుకుంటాం. మొక్క పెంచాలంటే బాల్కనీలోనో డాబా మీదో కుండీలోనే పెంచాలి. కుండీలకు మా అసోసియేషన్ ఒప్పుకున్నది రెండు షరతుల మీద. బరువు ఎక్కువ ఉండకూడదు, నీళ్లు కిందివాళ్ల ఇంటి మీదికి కారకూడదు. ఎర్రమట్టి నింపిన 12 అంగుళాల కుండీ తడిస్తే 20 కిలోలు దాటుతుంది. మీ సంచి మీద "తేలికైనది, అపార్ట్‌మెంట్ తోటలకు ప్రత్యేకం, ఏమీ కలపక్కర్లేదు, నేరుగా నింపుకోండి" అని ఉంది. అది నమ్మి, ఐదిళ్ల ఆడవాళ్లం తలా కొంత వేసుకుని కొన్నాం.

ఎందుకంత ఆరాటపడ్డామో కూడా చెప్పాలి. ఈ ఏడు ఎంగిలి పూల బతుకమ్మ సెప్టెంబర్ 21న, సద్దుల బతుకమ్మ 30న వచ్చాయి. మా సముదాయంలో పుట్టి పెరుగుతున్న పిల్లలకు బతుకమ్మ పూలంటే మార్కెట్లో తూకం వేసి ఇచ్చేవే. ఈసారి వాళ్ల చేతులతో నీళ్లు పోసి పెంచిన పూలతో పేర్చాలనుకున్నాం. బంతి విత్తిన దగ్గర్నుంచి పువ్వు పట్టడానికి దాదాపు రెండు నెలలు కావాలి. జులై 6న ట్రేలలో విత్తాం, 27న నారు తీసి మీ మిశ్రమంలో నాటాం. లెక్క సరిగ్గా సరిపోయింది. 22 కుండీల్లో బంతి, 8 కుండీల్లో బతుకమ్మలో పేర్చే గునుగు. ఆ గునుగు గింజలు మా అత్తమ్మ కిందటేడు సిద్దిపేట దగ్గర తన పుట్టింటి చేను గట్టు మీద కోసి, గుడ్డలో మూటగట్టి దాచినవి. చేలల్లో కలుపు మందులు కొట్టడం మొదలయ్యాక అక్కడా గునుగు తగ్గిపోయిందని, వెతికి వెతికి కోసుకొచ్చిందామె.

నాటిన రెండు వారాలకు ఆకుల అంచులు మాడినట్టు గోధుమ రంగుకు తిరిగాయి. ముందు కింది ఆకులు, తర్వాత పైవి. వేళ్లు తీసి చూస్తే కుళ్లు లేదు, వాసన లేదు, కానీ కొనలు నల్లబడి కొత్త వేరు రావడం లేదు. పురుగు లేదు, బూజు లేదు.

ఆగస్టు 12న చాట్‌లో ఫొటోలు పంపితే, "మీరు నీళ్లు ఎక్కువ పోస్తున్నారు, తగ్గించండి" అన్నారు. తగ్గించాం. వారంలో ఇంకా మాడిపోయాయి. 19న ఫోన్ చేస్తే ఇంకో ఉద్యోగి, "ప్రతి కుండీకీ నీళ్లు బాగా పోసి, కిందినుంచి కారేదాకా రెండు మూడు సార్లు కడగండి" అన్నారు. ఈ రెండు సలహాలూ ఒకే సంస్థవి, మధ్యలో ఏడు రోజులే తేడా. రెండో ఆయనకు అసలు కారణం తెలుసని నాకిప్పుడు అర్థమవుతోంది. తెలిసినప్పుడు ఆ మాట సంచి మీద ఎందుకు లేదు?

కారణం ఉప్పు. మా నీళ్ల ఫిల్టర్ బాగు చేసే అబ్బాయి దగ్గర నీళ్లలో కరిగిన లవణాల్ని కొలిచే టీడీఎస్ మీటర్ అడిగి తీసుకుని, తెరవకుండా ఉంచిన సంచుల్లో ఒకటి విప్పాను. ఒక గ్లాసు మిశ్రమంలో రెండు గ్లాసుల ఫిల్టర్ నీళ్లు పోసి అరగంట నానబెట్టి వడగట్టాను. ఫిల్టర్ నీళ్ల రీడింగ్ 40. వడగట్టిన నీళ్లది 1,480. మా వీధి చివరి నర్సరీలో ఇచ్చిన కడిగిన కోకోపీట్‌తో, అంటే కొబ్బరి పీచు పొట్టుతో, ఇదే పని చేస్తే 290 వచ్చింది. ఇది ల్యాబ్ పరీక్ష కాదని నాకు తెలుసు, కానీ ఇంత తేడా మీటర్ తప్పు వల్ల రాదు.

మీ మిశ్రమంలోనూ ఉన్న ఈ కొబ్బరి పీచు పొట్టులో సహజంగానే పొటాషియం, సోడియం లవణాలు ఉంటాయి. కొబ్బరి డొక్కల్ని ఉప్పునీటి కయ్యల్లో నానబెడితే అవి ఇంకా పెరుగుతాయి. అందుకే మంచి తయారీదారులు దాన్ని మంచినీళ్లతో కడిగి, కాల్షియం నైట్రేట్ ద్రావణంలో నానబెట్టి, మళ్లీ కడిగాకే అమ్ముతారు. ఈ పని తోట పెంచేవాళ్లది కాదు, మీది.

సొంత పెరడున్నవాళ్లు గొట్టం పెట్టి కడుక్కోగలరేమో. మాలాంటి ఇళ్లలో అది కుదరదు. ఒక్క కుండీ ఉప్పు పోవాలంటే దాని పరిమాణానికి మూడింతల నీళ్లు, అంటే దాదాపు 45 లీటర్లు పట్టాయి. ఆ గోధుమ రంగు నీళ్లు డాబా మీద వదిలితే కింది ఇంటి వదిన ఆరేసిన బట్టల మీద పడతాయి, గోడలు మరకలవుతాయి, మాకు అనుమతి పోతుంది. చివరికి నేను, మా వారు ఐదు కుండీల్ని ఒక్కొక్కటిగా బాత్రూంలోకి మోసి కడిగాం. మేము ట్యాంకర్ నీళ్లు కొనుక్కుంటాం. ఆ ఐదూ పది రోజుల్లో పచ్చటి చిగురు వేశాయి. అంటే మొక్కల్లోనూ, మేం పోసే నీళ్లలోనూ లోపం లేదు. ఇంకో రుజువు కింది వదిన బాల్కనీలోనే ఉంది. మా ట్రేలోంచే తీసుకెళ్లిన నాలుగు బంతి నారు మొక్కల్ని ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి నాటింది. సెప్టెంబర్ మూడో వారానికి అవి నిండా పూశాయి.

అపార్ట్‌మెంట్లకు ప్రత్యేకం అని రాసి, అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లు చేయలేని పనిని కొనుగోలుదారు నెత్తిన పెట్టారు. నా ఫిర్యాదంతా ఈ ఒక్క విషయం గురించే.

సంచి మీద కోకోపీట్, వర్మీ కంపోస్ట్, వేపపిండి, పెర్లైట్ అని నాలుగు పేర్లున్నాయి. ఏది ఎంత పాలో లేదు. తయారు చేసిన నెల, సంవత్సరం తప్పనిసరిగా ముద్రించాలని నిబంధన ఉంది. 22 సంచుల్లో ఒక్కదాని మీదా అది కనిపించలేదు.

ఇక ఏడు రోజుల రిటర్న్ గడువు. మీ మెయిల్ నుంచి వచ్చిన ఒకే ఒక్క జవాబు అదే, గడువు దాటిందని, బదులుగా 150 రూపాయల కూపన్ ఇస్తామని. చీర అయితే విప్పి చూడగానే చిరుగు తెలుస్తుంది. మట్టిలో ఉప్పు మొక్క చెప్తేనే తెలుస్తుంది, మొక్కకు రెండు మూడు వారాలు పడుతుంది. ఆ కూపన్ నాకు వద్దు.

సద్దుల బతుకమ్మకు గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి పూలు తెచ్చుకున్నాం. పిల్లలు కింది వదిన ఇచ్చిన బంతిపూలను మధ్యలో పెట్టి, ఇవి మనవే అని అందరికీ చూపించారు. గునుగు ఎనిమిది కుండీల్లో ఒక్కటీ మిగల్లేదు. అత్తమ్మ దగ్గర ఇక గింజలు లేవు. వాటికి నేను ధర కట్టి అడగడం లేదు.

నేను అడిగేది మొత్తం 8,580 రూపాయలు తిరిగి నా ఖాతాలో వేయమని. ఆ బ్యాచ్ అమ్మకం ఆపి, ల్యాబ్‌లో లవణ శాతం పరీక్ష చేయించి, ఫలితం నాకు పంపమని. ఇకపై కడిగిన కోకోపీట్ వాడకపోతే, నాటే ముందు కడగాలని సంచి మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయమని. మట్టి, ఎరువులకు రిటర్న్ గడువు కనీసం 30 రోజులు చేయమని కూడా కోరుతున్నాను.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. నా మెయిల్ ఆగస్టు 25 నాటిది, నెల దాటిపోయింది. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో డబ్బు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను. మిగతా నాలుగిళ్లవాళ్లు సంతకాలు పెట్టడానికి సిద్ధంగా ఉన్నారు.

బిల్లు, చాట్ కాపీ, తేదీలతో ఉన్న ఫొటోలు, మీటర్ రీడింగ్ వీడియో జత చేస్తున్నాను. విప్పని సంచి ఇంకొకటి నా దగ్గర అలాగే ఉంది. పరీక్షకు కావాలంటే మీ మనిషిని పంపండి, నా ఎదుటే సీల్ తీసి కొంత మీకిచ్చి, కొంత నేను ఉంచుకుంటాను.

ఇట్లు,
మీ వినియోగదారురాలు
(ఐదిళ్ల తరఫున)