చిన్నాయన గుర్రం కడుపులో సంత

తిరుపతి,
శనివారం మధ్యాహ్నం

ఒరేయ్ సుధా,

జవాబు రాయలేదని తిట్టుకుంటా ఉంటావు. తిట్టుకో, నాకు తగిందే. ఈడ అందరం బాగుండాము. అమ్మకు మోకాళ్ళ నొప్పులు మామూలే, చెల్లెలికి రేణిగుంటలో ఉద్యోగమొచ్చింది, మన ‘ఉప్పులేని సాంబారు’ రిటైరయినాడు (సన్మానంలో అదే పాట మళ్ళీ పాడినాడు!). సరే, ఇంక అసలు కథకొస్తా. ఎవరికీ చెప్పకపోతే నా కడుపుబ్బిపోయేట్టుంది.

చంద్రగిరి చిన్నాయన గుర్రం బాద్‌షా తెలుసు గదా. ఊళ్ళో పెళ్ళికొడుకులందరినీ మోసి, నిన్ను మాత్రం మోయనని మొండికేసింది. దానికి ఉన్నట్టుండి శూల పట్టుకుంది. ముంగాలితో నేల గీకేది, తల తిప్పి పొట్టకేసి చూసుకునేది, దబ్బున పడుకునేది, లేచేది. ఒళ్ళంతా చెమట. పక్కింటి అవ్వ దిష్టని ఎండుమిరపకాయలు తిప్పేసింది. ఉలవలెక్కువైనాయి, కక్కుకుంటే సరిపోతుందని చిన్నాయన. గుర్రానికి వాంతి రాదంట రా! అందుకే డాక్టరు రాంగానే ముక్కులోంచి పొట్టలోకి ట్యూబు దించినాడు. చూస్తా ఉంటే నాకే కళ్ళు తిరిగినాయి. తెల్లారేసరికి కుదుటపడింది లే.

అప్పుడడిగినాడు డాక్టరు, ‘నట్టల మందు ఎప్పుడు తాపినారు?’ అని. నట్టలంటే కడుపులో పురుగులు లే. చిన్నాయన ఛాతీ విరుచుకుని, ‘మూడు నెలలకోసారి తప్పకుండా! ఏళ్ళుగా అదే మందు. ఒక మందు ట్యూబు తెచ్చి దీనికీ పిల్లగుర్రానికీ చెరిసగం’ అన్నాడు. ఎంత పొదుపో మా చిన్నాయన! డాక్టరు ఏమీ అనలేదు. తాజా లద్దె కొంచెం సంచిలో వేసుకుని నన్నూ రమ్మన్నాడు.

లద్దెను చిక్కటి ఉప్పునీళ్ళలో కలిపి వడగట్టి, గీతలున్న గాజుపలకలో పోసి మైక్రోస్కోపు కింద పెట్టినాడు. చూసినాను రా. గుడ్లు! ఉప్పునీళ్ళకి పైకి తేలినాయి. కోలగా, పల్చటి పెంకుతో, ఒక్కోదాంట్లో ద్రాక్షగుత్తి మాదిరి కణాలు. లెక్కపెట్టి, గ్రాము లద్దెకు వెయ్యి దాటినాయన్నాడు. పూటకు బాద్‌షా ఎంత లద్దె వేస్తుందో నీకు తెలుసు, నీ తెల్లప్యాంటు సాక్షి.

గడ్డి మేసే గుర్రం ఏదైనా సరే, కడుపులో నట్టలు దాదాపు ఉండే తీరతాయంట. ఉన్నాయా అని కాదు, ఎన్ని, ఏ రకం అని అడగాలంట. ఇంకో తమాషా, మందలో నూటికి ఇరవై గుర్రాలే ఎనభై శాతం గుడ్లు విడుస్తాయంట. లద్దెలో పొదిగిన పిల్లలు మంచుతడికి గడ్డి మీదికెక్కి కూర్చుంటాయి. మనవాడు పొద్దున్నే స్వర్ణముఖి గట్టున మేస్తాడు గదా, తిన్నగా నోట్లోకే.

చిన్న రకం నట్టల పిల్లలు పేగు గోడలో గూడు కట్టుకుని నెలలు, ఒక్కోసారి రెండేళ్ళ దాకా దాక్కుంటాయంట. అప్పుడు లద్దె పరీక్షలో ఒక్క గుడ్డూ కనబడకపోవచ్చు! అన్నీ ఒక్కసారిగా బయటపడితే పేగు పుండై విరేచనాలు పట్టుకుంటాయి. ఆ జబ్బు పడినవాటిలో సగం దాకా చచ్చిపోవచ్చంట. పెద్ద రకం ఇంకా ఘోరం, పేగులకు పోయే రక్తనాళంలోకే దూరి గడ్డలు కట్టిస్తాయి, దాంతోనూ శూల వస్తుంది. బద్దెపురుగుల్తోనూ వస్తుంది. బాద్‌షాకి కచ్చితంగా వీటివల్లే వచ్చిందా అంటే, డాక్టరు తల అటూ ఇటూ ఊపినాడు. గుడ్లు మాత్రం అబద్ధం చెప్పవు గదా.

పాపం ఆ పిల్లగుర్రం... దానికి ఏలికపాములు. మూరెడు దాకా పెరుగుతాయంట. ఎక్కువగా ఉన్నప్పుడు గట్టి మందు పడి అన్నీ ఒకేసారి చస్తే పేగుకు అడ్డం పడతాయంట. అది విన్నాక చిన్నాయన మొహం పాలిపోయింది. నాకు జాలేసింది గానీ నవ్వూ ఆగలేదు.

చెరిసగం లెక్క అసలు పనికిరాదంట. చాలీచాలని మందు పడితే బలహీనమైనవి చచ్చి మొండివి బతుకుతాయి, వాటి పిల్లలకు ఆ మందంటే లెక్కుండదు. ఫెన్‌బెండజోల్ అనే నట్టల మందు ఇప్పటికే చాలాచోట్ల పనిచేయడం మానేసింది. అందుకని ఛాతీకి టేపు చుట్టి బరువు అంచనా కట్టి, వేరే మందు నిండుగా తాపినాడు. రెండు వారాలకు మళ్ళీ లెక్క చూస్తాడు. వారానికి రెండుసార్లు లద్దె ఎత్తేయాలి కూడా. ఆ పని ఎవరికి పడిందో చెప్పాలా నీకు?

ఇంకా జోరీగల సంగతుంది, అవి కుట్టి అంటించే సర్రా జబ్బు. 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు పంజాబులో జబ్బుపడిన గుర్రాల, ఒంటెల రక్తంలో ఆ జబ్బు తెచ్చే సూక్ష్మజీవి ఈదుతా ఉంటే చూసి... ఉండు, చిన్నాయన బయట హారన్ కొడతా ఉన్నాడు. రెండో లెక్క ఈరోజే, డాక్టరు నాలుగింటికల్లా తాళమేసేస్తాడు, లద్దె సంచేమో ఇంకా కట్టనేలేదు. తగ్గిందో లేదో రాస్తా. నువ్వు

నీ
రాముడు